నా మందుల చీటీలు నన్నే దిద్దుకోమంటున్నారు: జీపీ ట్రైనింగ్‌లో ఈ రివ్యూలతో తేలేదేంటి?

చిన్నడాక్టరు
ఇక్కడ బ్రిటన్‌లో జీపీ (ఫ్యామిలీ డాక్టరు) ట్రైనింగ్ మూడో ఏడాది, అంటే ఎస్‌టీ3లోకి వచ్చీ రాగానే మా ఎడ్యుకేషనల్ సూపర్‌వైజర్ (ట్రైనింగ్ చూసే సీనియర్ జీపీ) మూడు పనులు ముందు పెట్టారు: ప్రిస్క్రైబింగ్ అసెస్‌మెంట్, రిఫరల్స్ రివ్యూ, ర్యాండమ్ కేస్ రివ్యూ. ఇప్పటికే ఏడాదికి 36 క్లినికల్ కేస్ రివ్యూలు పోర్ట్‌ఫోలియోలో (ఆన్‌లైన్ ట్రైనింగ్ రికార్డులో) రాస్తూనే ఉన్నాం. సీఓటీలు (కన్సల్టేషన్ చూసి చేసే అసెస్‌మెంట్లు) వేరే, సీఏటీలు (కేసుల మీద చర్చించి చేసేవి) వేరే. పైగా ఎస్‌సీఏకి (కన్సల్టేషన్ పరీక్షకి) చదువుకోవాలి. ఇప్పుడు నేను రాసిన చీటీలు నేనే తీసి, నా తప్పులు నేనే ఏరి, నేనే ఒప్పుకోవాలట. ఇది అసెస్‌మెంట్ ఎలా అవుతుంది? తప్పులు ఎక్కువ చూపిస్తే ఏఆర్‌సీపీ ప్యానెల్ (ఏటా ట్రైనీ ప్రగతి తేల్చే కమిటీ) దగ్గర ఇబ్బంది, తక్కువ చూపిస్తే "ఇన్‌సైట్ లేదు" అంటారు. ఎన్ని చూపిస్తే క్షేమం?

కర్నూలు_టు_కార్డిఫ్
పెళ్లిచూపుల్లో జీతం చెప్పినట్టే. మరీ తక్కువ చెప్పకూడదు, మరీ ఎక్కువ చెప్తే నమ్మరు 😀

గోదారి_ట్రైనర్
జోకు బాగుంది గానీ, నంబరుకి మార్కుల్లేవు. అసలు తేడా ఎక్కడంటే, 36 కేస్ రివ్యూల్లో కేసు మీరే ఎంచుకుంటారు. బాగా చేసినదో, భావోద్వేగంగా అనిపించినదో, రాయడానికి వీలున్నదో తీసుకుంటారు. ఏమీ అనిపించని పేషెంట్ అందులోకి రాడు. మీకు తెలియని లోపం ఉండేది సరిగ్గా ఆ "ఏమీ అనిపించని" కన్సల్టేషన్లలోనే. ఈ మూడు రివ్యూల్లో కేసులు మీ చేతిలో ఉండవు. వాటి విలువంతా అదే.

డాక్టర్ల స్వీయ అంచనా మీద 2006లో జామా అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. డాక్టరు తన గురించి తాను చెప్పుకున్నదాన్ని బయటి కొలతతో పోల్చిన 20 పోలికలు చూస్తే, 13 చోట్ల రెండిటికీ సంబంధం చాలా తక్కువ, లేదా అసలు లేదు, లేదా తలకిందులుగా ఉంది. అంటే "నా ప్రిస్క్రైబింగ్ బానే ఉంటుంది" అన్న మాటకి ఆధారంగా పెద్ద విలువ లేదు. చీటీ తీసి చూడాల్సిందే.

ఇంకోటి. ఎస్‌సీఏలో ఒక్కోటి 12 నిమిషాల చొప్పున 12 కేసులు. అక్కడ పేషెంట్ మళ్లీ రాడు. రిపోర్టు వచ్చాక ఎవరు చూశారు, రిఫరల్ చేరిందా, మూడు నెలల తర్వాత రక్తపరీక్ష జరిగిందా, ఇవేవీ ఆ పరీక్షలో కనపడవు. రికార్డులో కనపడతాయి.

ఓవర్‌టైమ్_ఓబులేసు
సర్, ఇదంతా పుస్తకంలో బావుంది. నిజంగా జరిగేది ఏమిటంటే, ట్రైనీ 50 చీటీలు చూసి మూడు చిన్న తప్పులు రాస్తాడు, సూపర్‌వైజర్ లంచ్‌లో సాండ్‌విచ్ తింటూ "అగ్రీ" నొక్కుతాడు. అయిపోయింది.

మందులచీటీ
@ఓవర్‌టైమ్_ఓబులేసు అలా చేసే చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ పద్ధతి సరిగ్గా నడిపితే అలా తేలిపోదు. కొత్తవాళ్ల కోసం వరసగా చెప్తున్నా.

మొదట మీరు రాసిన చివరి 60 ప్రిస్క్రిప్షన్లు వెనక్కి వరసగా తీయాలి. మధ్యలో ఏదీ ఎగరగొట్టకూడదు. వాటిలోంచి 50 మీరు రివ్యూ చేస్తారు. ప్రతి దాని పక్కన తప్పు ఉంటే ఏ రకం తప్పో స్ప్రెడ్‌షీట్‌లో రాయాలి: మందు ఎందుకో రికార్డులో లేకపోవడం, డోసు, ఎన్ని రోజులు, ఎంత పరిమాణం, ఎలా వాడాలన్న సూచన, ఇంటరాక్షన్, మానిటరింగ్. తర్వాత సూపర్‌వైజర్ వాటిలో 20 తీసుకుని విడిగా చూసి, మీకు కనపడనివి కలుపుతారు. చివర్న మీ రిఫ్లెక్షన్, ఇద్దరూ కలిసి నింపే అసెస్‌మెంట్ ఫారం, ఇకముందు ఏం మారుస్తారన్న ప్లాన్.

అసెస్‌మెంట్ ఉండేది ఆ 20లో. మీరు కనిపెట్టినవాటికీ ఆయన కనిపెట్టినవాటికీ మధ్య ఎంత తేడా ఉందన్నదే చూస్తారు. మీరు ఎనిమిది తప్పులు పట్టి ఆయన ఒకటి కలిపితే ఫర్లేదు. మీరు సున్నా పట్టి ఆయన ఆరు కలిపితే అప్పుడు మాట్లాడుకోవాలి.

చిన్నడాక్టరు
50 చాలినప్పుడు 60 ఎందుకు తీయమంటారు?

మందులచీటీ
కొన్ని పనికిరావు. డూప్లికేట్ ఇష్యూ, క్యాన్సిల్ చేసినవి, వేరే డాక్టరు తరఫున సంతకం మాత్రమే పెట్టినవి. పది ఎక్స్‌ట్రా ఉంటే మళ్లీ సెర్చ్ నడపక్కర్లేదు.

ఈఎంఐఎస్_మాంత్రికుడు
సెర్చ్ దగ్గరే సగం మంది ఇరుక్కుంటారు కాబట్టి చెప్తున్నా. ఈఎంఐఎస్ వెబ్ (జీపీల రికార్డు సాఫ్ట్‌వేర్)లో పాపులేషన్ రిపోర్టింగ్‌లో సెర్చ్ కడితే వచ్చేది పేషెంట్ల జాబితా. చీటీల జాబితా కాదు. దాని కింద మెడికేషన్ ఇష్యూస్ మీద లిస్ట్ రిపోర్ట్ కట్టాలి: క్లినిషియన్‌గా మీ పేరు, తేదీల పరిధి, మందు, డోసు, పరిమాణం. పరిధి రెండు వారాలు పెడితే ఫుల్‌టైమ్ వాళ్లకి మామూలుగా 60 దాటుతుంది. పార్ట్‌టైమ్ అయితే నెల పెట్టుకోండి. సిస్టమ్‌వన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ప్రాక్టీస్ ఫార్మసిస్ట్‌ని పట్టుకోండి, వాళ్ల దగ్గర రెడీమేడ్ రిపోర్టు ఉండే అవకాశం ఎక్కువ.

జాగ్రత్త: ఉదయాన్నే గుట్టగా వచ్చే రిపీట్ రిక్వెస్టులు మీరు సంతకం చేసి ఉంటే, 60లో 45 అవే వచ్చి కూర్చుంటాయి. అప్పుడు మీ నిర్ణయాలు కనపడవు. సెర్చ్ మార్చే ముందు సూపర్‌వైజర్‌తో మాట్లాడి, ఎందుకు మార్చారో షీట్ మీదే రాయండి. లేకపోతే ఏరుకున్నట్టు కనపడుతుంది.

అసలు ప్రమాదం ఎక్స్‌పోర్ట్‌లో. ఎక్సెల్‌లో పేరు, ఎన్‌హెచ్‌ఎస్ నంబరు ఉన్న కాలమ్‌ని "హైడ్" చేసి పోర్ట్‌ఫోలియోలోకి ఎక్కించేస్తారు. హైడ్ చేస్తే పోదు, ఎవరైనా రైట్‌క్లిక్‌తో తెరవొచ్చు. కాలమ్ డిలీట్ చేయాలి. ఇంకా మంచిది, కావలసిన గడులు మాత్రమే కొత్త ఫైల్లోకి "వాల్యూస్"గా అతికించడం. పుట్టిన తేదీ తీసేసి వయసు పెట్టండి. రెండో ట్యాబ్‌లో పాత డేటా మిగిలిందేమో కూడా చూడండి.

లీడ్స్_లంకేశ్వరి
మాంత్రికుడు గారూ, దండం 🙏 హైడ్ కాలమ్ సంగతి ఇండక్షన్‌లోనే చెప్పాలి.

ఓవర్‌టైమ్_ఓబులేసు
సరే, తప్పులంటే ఏవి? "ఎలా వాడాలో రాయలేదు" లాంటి గుమస్తా తప్పులేనా?

మందులచీటీ
గుమస్తా తప్పులనుకునేవే ఎక్కువ వస్తాయి, వాటితో పాటు అసలైనవీ వస్తాయి. జీఎంసీ (డాక్టర్ల రిజిస్టర్ నడిపే బ్రిటన్ సంస్థ) చేయించిన "ప్రాక్టీస్" అనే అధ్యయనం 2012లో వచ్చింది. ఇంగ్లండ్ జీపీల చీటీల్లో 20 ఐటమ్స్‌కి ఒకదాంట్లో ప్రిస్క్రైబింగ్ తప్పో మానిటరింగ్ తప్పో ఉంది. తీవ్రమైన తప్పు సుమారు 550 ఐటమ్స్‌కి ఒకటి. ఆ లెక్కన 50 చీటీల్లో ఒక్క తప్పూ లేదని ఎస్‌టీ3 రాస్తే నాకు అనుమానం వస్తుంది. పదేళ్లుగా జీపీగా ఉన్నవాళ్ల చీటీలు కూడా ఆ అధ్యయనంలో ఉన్నాయి మరి.

తరచూ దొరికేవి చెప్తా. ట్రైమెథోప్రిమ్: రామిప్రిల్ లేదా స్పైరనోలాక్టోన్ మీద ఉన్న ముసలాయనకి రాస్తే పొటాషియం పెరుగుతుంది. మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్లకైతే అసలు రాయకూడదు, ఎముక మజ్జ దెబ్బతింటుంది. నైట్రోఫ్యురాంటాయిన్ రాసేటప్పుడు ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు అంకె) 45 కంటే తక్కువేమో చూడకపోవడం. గర్భిణీ కాని ఆడవాళ్ల మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కి మూడు రోజులు చాలు, అలవాటుగా ఏడు రోజులు వెళ్లిపోతుంది. క్లారిథ్రోమైసిన్ రాస్తూ సిమ్వాస్టాటిన్ ఆపమని చెప్పకపోవడం. ఆంలోడిపిన్ మొదలుపెట్టి సిమ్వాస్టాటిన్ 40లోనే వదిలేయడం (20 దాటకూడదు). 65 దాటినవాళ్లకి సిటలోప్రామ్ 40 (పైపరిమితి 20). వయసు మళ్లినవాళ్లకి నాప్రోక్సెన్, పక్కన పీపీఐ (కడుపుని కాపాడే మందు) లేదు.

అపిక్సాబాన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) ప్రత్యేకంగా చూడండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు)లో డోసు సగానికి తగ్గించాలంటే వయసు 80 లేదా ఎక్కువ, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ 133 లేదా ఎక్కువ, ఈ మూడింట్లో రెండుండాలి (క్రియాటినిన్ క్లియరెన్స్ 15 నుంచి 29 అయితే అదొక్కటే చాలు). "పెద్దావిడ కదా" అని ఒక్క వయసు చూసి 2.5 రాస్తారు. అది జాగ్రత్త కాదు, స్ట్రోక్‌కి దారి. కిడ్నీ లెక్క కూడా ఈజీఎఫ్‌ఆర్‌తో కాదు, కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో వేయాలి, దానికి బరువు కావాలి. బరువు ఎప్పుడు తూచారని వెతికితే నాలుగేళ్ల కిందటిది దొరుకుతుంది.

తక్కువ రాయడం కూడా తప్పే. పిల్లల ఎగ్జిమాకి ఎమోలియెంట్ (చర్మం మెత్తబరిచే క్రీమ్) వారానికి 250 నుంచి 500 గ్రాములని నైస్ (వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ) చెప్తుంది. చీటీలో 50 గ్రాముల ట్యూబు ఉంటుంది. మళ్లీ వాళ్లే వచ్చి "పని చేయట్లేదు" అంటే స్టెరాయిడ్ పెంచుతారు.

కర్నూలు_టు_కార్డిఫ్
50 గ్రాముల ట్యూబు దగ్గర నా చెయ్యి వణికింది. రేపే సెర్చ్ 😅

గోదారి_ట్రైనర్
@మందులచీటీ చెప్పినవాటికి ఒకటి కలుపుతా. తప్పు దొరికాక ట్రైనీ ఏం రాస్తాడన్నదే నేను చదువుతా. "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అని ఉంటే పనికిరాదు. ఎందుకు జరిగిందన్నది కావాలి. ఇంటరాక్షన్ హెచ్చరిక తెర మీద వచ్చిందా, వస్తే ఎందుకు దాటేశారు? రోజుకి అన్ని హెచ్చరికలు వస్తుంటే అన్నీ ఎస్కేప్ నొక్కే అలవాటు పడిందా? డీఫాల్ట్ ఏడు రోజులుగా వచ్చే టెంప్లేటా? అలా అయితే మార్చాల్సింది మీ జ్ఞాపకశక్తి కాదు, ప్రాక్టీస్ ఫార్ములరీలో మూడు రోజుల కోర్సు ముందే పెట్టించడం. కారణాన్ని బట్టే పరిష్కారం.

పాలపిట్ట_ఎస్‌టీ2
చూస్తుండగా నిజంగా ప్రమాదకరమైనది కనిపిస్తే? పేషెంట్ ఇంకా ఆ మందు మింగుతూనే ఉంటే?

గోదారి_ట్రైనర్
షీట్ పక్కన పెట్టి ముందు పేషెంట్‌కి ఫోన్. మందు ఆపాలా, రక్తపరీక్ష కావాలా తేల్చండి. జరిగింది సూటిగా చెప్పి సారీ చెప్పండి, రికార్డులో రాయండి. అదే రోజు సూపర్‌వైజర్‌కి చెప్పండి. తర్వాత దాన్ని లర్నింగ్ ఈవెంట్ అనాలిసిస్‌గా రాయొచ్చు, ఏడాదికి ఒకటి ఎలాగూ కావాలి. హాని నిజంగా తీవ్రంగా జరిగితే అది సిగ్నిఫికెంట్ ఈవెంట్ అవుతుంది, ఫారం ఆర్ (ట్రైనీ ఏటా నింపే ప్రకటన పత్రం)లో కూడా ప్రకటించాలి. రెండిటినీ కలిపేయకండి. ప్రతి చిన్నదానికీ సిగ్నిఫికెంట్ ఈవెంట్ అని పేరు పెట్టి భయపడేవాళ్లున్నారు, నిజంగా పెద్దదాన్ని లర్నింగ్ ఈవెంట్‌లో దాచేవాళ్లూ ఉన్నారు.

ఓవర్‌టైమ్_ఓబులేసు
ఇదే నా అసలు పాయింట్. ఇవన్నీ రాతపూర్వకంగా పెట్టాక రేపు కోర్టులో మన మీదే వాడితే? బావా-గార్బా కేసు మర్చిపోయారా? మనం అసలే వైవాలో "తెలీదు" అంటే మార్కులు పోయే చోటు నుంచి వచ్చాం. ఇక్కడేమో "రాయి, నిజాయితీగా రాయి" అంటారు.

లీడ్స్_లంకేశ్వరి
మర్చిపోలేదు. కానీ వాట్సాప్‌లో తిరిగిన కథ వేరు, జరిగింది వేరు. లెస్టర్‌లో 2011లో ట్రైనీ డాక్టరు బావా-గార్బా చూసిన బాబు చనిపోవడం, 2015లో ఆ చావు కేసులో ఆవిడకి శిక్ష, 2018 జనవరిలో రిజిస్టర్ నుంచి తీసేయడం, ఆగస్టులో అప్పీల్ కోర్టు తిరిగి నిలబెట్టడం, ఇవన్నీ నిజం. పోర్ట్‌ఫోలియో రిఫ్లెక్షన్లు జ్యూరీ ముందు సాక్ష్యంగా పెట్టలేదని ఆవిడ తరఫు డిఫెన్స్ సంస్థే చెప్పింది. ఆ గొడవ తర్వాత 2018లోనే రిఫ్లెక్షన్ మీద జీఎంసీ, మిగతా సంస్థలు కలిసి గైడెన్స్ ఇచ్చాయి. ఫిర్యాదు విచారణకి రిఫ్లెక్టివ్ నోట్స్ ఇమ్మని జీఎంసీ అడగదని అందులో ఉంది. కోర్టు ఆదేశిస్తే మాత్రం ఇవ్వాల్సి రావచ్చు, అదీ రాశారు.

కాబట్టి రాసే తీరు నేర్చుకోవాలి. జరిగిన వివరాలు పేషెంట్ రికార్డులో ఉంటాయి, పోర్ట్‌ఫోలియోలో వాటిని మళ్లీ కథగా చెప్పనక్కర్లేదు. "70లలో ఉన్న పేషెంట్, ఏసీఈ ఇన్హిబిటర్ మీద ఉండగా ట్రైమెథోప్రిమ్" చాలు. తేదీ వద్దు, ఊరు వద్దు, ఇనిషియల్స్ వద్దు. అరుదైన జబ్బయితే జబ్బు పేరే పేషెంట్ పేరు, దాన్ని కూడా మార్చి రాయండి. ఏం నేర్చుకున్నారు, ఏం మార్చారు, బరువంతా దాని మీదే పెట్టండి.

ఓవర్‌టైమ్_ఓబులేసు
"ఇవ్వాల్సి రావచ్చు" అన్నారుగా. నాకది చాలు, తక్కువే రాస్తా.

లీడ్స్_లంకేశ్వరి
తక్కువ రాయండి, పర్లేదు. ఖాళీగా రాయకండి.

చిన్నడాక్టరు
ప్రిస్క్రైబింగ్ అర్థమైంది, థాంక్స్ అందరికీ. ర్యాండమ్ కేస్ రివ్యూలో ఏం చూస్తారు? ఆయన ఏ కేసు తీస్తారో తెలియకుండా ఎలా తయారవ్వాలి?

గోదారి_ట్రైనర్
తయారవ్వకూడదు, అదే ఉద్దేశం. ఇది సీఏటీల్లో ఒక రకం. ఎస్‌టీ3లో మీరు చేయాల్సిన ఐదింట్లో ఒకటో రెండో ఇలా చేయొచ్చు.

నేను నడిపే తీరు ఇది. గత రెండు వారాల అపాయింట్‌మెంట్ బుక్ తెరుస్తా. ఏదో ఒక పూట సర్జరీ (ఓపీ), అందులో నాలుగో పేషెంట్. ఇంకో రోజు టెలిఫోన్ లిస్ట్‌లోంచి ఒకటి, హోమ్ విజిట్ ఒకటి. ట్రైనీ ఎంట్రీ తెర మీద పెట్టి, మొదట రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడం. ఈ పేషెంట్ రేపు నా దగ్గరికి వస్తే ఈ నోట్స్‌తో నేను కొనసాగించగలనా? ఇదే మొదటి ప్రశ్న. నడుంనొప్పి అని ఉంది, మల మూత్రాల మీద అదుపు, కూర్చునే చోట తిమ్మిరి అడిగారో లేదో లేదు. "అడిగా సర్, రాయలేదు" అంటారు. కావచ్చు. అయితే అది రికార్డు లోపం. అడగలేదంటే డేటా గాదరింగ్ లోపం. రెండూ వేర్వేరు కెపబిలిటీలు, వేర్వేరుగా రాస్తా.

తర్వాత "ఒకవేళ" ప్రశ్నలు. ఇదే పేషెంట్ 30 ఏళ్లు కాక 72 అయితే? గర్భిణీ అయితే? లారీ డ్రైవరైతే? అనువాదం కూతురు చేస్తుంటే? నిర్ణయం ఎక్కడ మారుతుందో, ఎందుకు మారుతుందో చెప్పించాలి. క్లినికల్ జడ్జిమెంట్ అక్కడ బయటపడుతుంది, గైడ్‌లైన్ అప్పజెప్తే కాదు.

ఆఖరున తర్వాత ఏమైందో స్క్రోల్ చేసి చూస్తాం. నెలలోపు మళ్లీ వచ్చాడా, ఏ అండ్ ఈ (ఎమర్జెన్సీ) లెటర్ ఉందా, పంపిన రక్తపరీక్ష చేయించుకున్నాడా. "తగ్గకపోతే రండి" అని రాసిన సేఫ్టీ నెట్‌కి ఎంత విలువుందో అప్పుడు తెలుస్తుంది. ఎన్ని రోజులకి, ఏ లక్షణం వస్తే, ఎక్కడికి రావాలి, మూడూ ఉండాలి.

చెవిలో గులిమి, మందు రిపీట్, చిన్న దద్దురు లాంటి బోరు కొట్టే కేసులే ఎక్కువ మాట్లాడిస్తాయి. ట్రైనీలు వాటిని వదిలేద్దామంటారు.

పాలపిట్ట_ఎస్‌టీ2
కానీ గురువుగారూ, నోట్స్ చూసి కన్సల్టేషన్‌కి మార్కులేయడం అన్యాయం కదా? బాగా మాట్లాడి తక్కువ టైప్ చేసేవాళ్లు నష్టపోతారు. వేగంగా టైప్ చేసేవాళ్లు, టెంప్లేట్ అతికించేవాళ్లు గట్టెక్కుతారు.

గోదారి_ట్రైనర్
న్యాయమైన ప్రశ్న. అందుకే ఇదొక్కటే చాలదు, మాట తీరు చూడటానికి సీఓటీ ఉంది. టెంప్లేట్ సంగతంటారా, అది తేలిగ్గా పట్టుబడుతుంది. గొంతునొప్పి కోసం ఫోన్‌లో మాట్లాడిన పేషెంట్ నోట్స్‌లో "చెస్ట్ క్లియర్, అబ్డామెన్ సాఫ్ట్" అని ఉంటుంది.

కర్నూలు_టు_కార్డిఫ్
ఫోన్‌లో పొట్ట నొక్కారన్నమాట. సిద్ధపురుషులు.

మెర్సీసైడ్_మావయ్య
రిఫరల్స్ రివ్యూ గురించి ఎవరూ రాయలేదు, నేను అందుకుంటా. ఓ ఇరవై రిఫరల్స్ వరసగా తీసి, ప్రతిదానికీ పంపిన లెటరూ, తిరిగొచ్చిన జవాబూ పక్కపక్కన పెట్టండి. జవాబు చదవకుండా చేస్తే అది రివ్యూ కాదు. "ఎక్కువ రిఫర్ చేస్తున్నానా తక్కువా" అన్న లెక్కలో పడకండి, ఇరవైతో అది తేలదు. లెటర్‌లో నేను అడిగిన ప్రశ్న ఏమిటి? స్పెషలిస్ట్ దానికి జవాబిచ్చాడా, లేక "ఈ పరీక్షలు చేయించి మళ్లీ పంపండి" అని తిప్పి పంపాడా? అడ్వైస్ అండ్ గైడెన్స్ (పేషెంట్‌ని పంపకుండా స్పెషలిస్ట్‌ని సలహా అడగడం)తో సరిపోయేదా?

క్యాన్సర్ అనుమానం రిఫరల్స్ విడిగా చూడండి. నైస్ గైడ్‌లైన్ ఎన్‌జీ12 అంకెలతో పోల్చండి. వయసు 45 లేదా ఎక్కువై, ఇన్ఫెక్షన్ లేకుండా మూత్రంలో కంటికి కనిపించే రక్తం, 40 లేదా ఎక్కువై దగ్గులో రక్తం, ఫిట్ (మలంలో కనపడని రక్తం) పరీక్ష 10 లేదా ఎక్కువ. ఇవన్నీ వెంటనే వెళ్లాలి. పంపనివాటిని కూడా చూడాలన్నది చాలామందికి తట్టదు. పంపినవాళ్ల జాబితా సెర్చ్‌లో వస్తుంది, పంపాల్సి ఉండి పంపనివాళ్లు రారు. వాళ్లు కావాలంటే "హిమచూరియా" (మూత్రంలో రక్తం) కోడ్ మీద సెర్చ్ పెట్టి వెనక్కి రావాలి.

ఇంకో కన్నం: లెటర్ వెళ్లింది, పేషెంట్‌కి అపాయింట్‌మెంట్ రాలేదు. బుక్ చేసుకోవడం పేషెంట్‌కి వదిలేశారు, ఇంగ్లిష్ చదవలేని మామ్మ ఆ కాగితం డ్రాయర్లో పెట్టేసింది. మన తెలుగు, పంజాబీ, బెంగాలీ కుటుంబాలుండే ఏరియాల్లో ఇది మామూలే. రివ్యూలో "రిఫర్ చేశా, టిక్" దగ్గర ఆగితే దొరకదు.

లీడ్స్_లంకేశ్వరి
మావయ్యగారూ, "పంపనివాళ్ల జాబితా" చాలా మంచి మాట. దాన్నే క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టుగా కూడా చేసుకోవచ్చు కదా?

ఈఎంఐఎస్_మాంత్రికుడు
చేసుకోవచ్చు, కానీ ఎస్‌టీ1, 2లో అడిగే క్యూఐపీ అంటే రెండుసార్లు లెక్కపెట్టి "పెరిగింది" అనడం కాదు. అందరూ చేసే తప్పొకటి చెప్తా. గొంతునొప్పికి యాంటీబయాటిక్స్ ఎంత రాస్తున్నామో జనవరిలో లెక్కేస్తారు, పోస్టరు అంటిస్తారు, మేలో మళ్లీ లెక్కేసి "40 శాతం తగ్గింది" అని చప్పట్లు. మేలో గొంతునొప్పులే తక్కువ! తగ్గించింది పోస్టరు కాదు, ఎండ. కొలవాల్సింది మొత్తం చీటీలు కాదు, గొంతునొప్పితో వచ్చినవాళ్లలో ఎందరికి రాశారన్నది. దాన్ని కూడా వారం వారం రన్ చార్ట్ మీద పెట్టాలి. మధ్యరేఖకి ఒకే వైపున వరసగా ఆరు చుక్కలు పడితే ఏదో మారిందని అనుకోవచ్చు. రెండు చుక్కలతో ఏమీ చెప్పలేం.

బెజవాడ_డీఎన్‌బీ
ఇవన్నీ చదువుతుంటే అసూయగా ఉంది. ఇండియాలో ఫ్యామిలీ మెడిసిన్ డీఎన్‌బీ (పీజీ) చేస్తున్నా. ఇక్కడ ఓపీ చీటీ పేషెంట్ తీసుకుని వెళ్లిపోతాడు. మన దగ్గర మిగిలేది రిజిస్టర్‌లో ఒక వరస: పేరు, వయసు, "జ్వరం". ఏం రివ్యూ చేసుకోవాలి?

మెర్సీసైడ్_మావయ్య
కంప్యూటర్ లేకపోయినా చేసుకోవచ్చు బాబూ. 1993లోనే డబ్ల్యూహెచ్‌ఓ ఇలాంటి చోట్ల కోసమే ప్రిస్క్రైబింగ్ సూచికలు ఐదు ఇచ్చింది: చీటీకి సగటున ఎన్ని మందులు, జెనరిక్ పేరుతో రాసినవి ఎంత శాతం, యాంటీబయాటిక్ ఉన్న చీటీలు ఎంత శాతం, ఇంజక్షన్ ఉన్నవి ఎంత శాతం, అత్యావశ్యక మందుల జాబితాలోవి ఎంత శాతం. ఒక్క ఆసుపత్రి లేదా ఒక్క డాక్టరు కోసమైతే కనీసం 100 చీటీలు.

పాలపిట్ట_ఎస్‌టీ2
చీటీ కాపీ ఎలా దాచుకోవాలి మరి?

మెర్సీసైడ్_మావయ్య
కార్బన్ పెట్టిన డూప్లికేట్ ప్యాడ్. స్టేషనరీ షాపులో బిల్ బుక్ కుట్టేవాళ్లే కుడతారు. రోజూ ప్రతి పదో చీటీకి మాత్రమే కార్బన్ పెట్టండి, వందా నెలలోపు వచ్చేస్తాయి. "ప్రతి పదో" అని ముందే నిర్ణయించుకోవాలి, నచ్చినదానికి పెట్టడం కాదు. సెల్‌ఫోన్‌తో ఫోటో తీయకండి. గ్యాలరీలోంచి ఎక్కడెక్కడికో బ్యాకప్ అవుతుంది. రాసుకునేటప్పుడు చీటీ మీద ఒక పదంలోనైనా రోగ నిర్ధారణ రాయండి, లేకపోతే మందు ఎందుకో నెల తర్వాత మీకే తెలియదు.

బెజవాడ_డీఎన్‌బీ
ఇంజక్షన్ల శాతం లెక్కేస్తే పేషెంట్లు అడిగి చేయించుకున్నవే సగం ఉంటాయి సర్. "సూది వేయకపోతే డాక్టరే కాదు" అంటారు.

మెర్సీసైడ్_మావయ్య
అడిగి చేయించుకున్నవైతే చీటీ మూల "అ" అని వేయండి. నెలాఖరుకి ఎన్ని మీ నిర్ణయం, ఎన్ని వాళ్ల ఒత్తిడి విడిపోతాయి. మాట్లాడుకోవడానికి గైడ్ ఉంటే ఆయనతో, లేకపోతే పక్క సీటు రెసిడెంట్‌తో చీటీలు మార్చుకోండి. ఎవరి చీటీలు వాళ్లే చూసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

గోదారి_ట్రైనర్
2023లో ఏపీలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో పాటు అదే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లేవాడు. అలాంటి చోట ఫాలోఅప్ చూడటం కూడా సాధ్యమే. బీపీ పేషెంట్లు 30 మంది రిజిస్టర్ తీసుకుని, గత మూడు సందర్శనల బీపీలు పక్కపక్కన రాస్తే చాలు. 150/95 మూడుసార్లు వచ్చి మందు మారని పేషెంట్లు ఎందరు? కొత్తగా నేర్చుకోవాల్సింది ఏదీ లేకుండా ఎన్నో పట్టుబడతాయి.

ఓవర్‌టైమ్_ఓబులేసు
ఒక మాట అడగనా, అందరూ తిట్టకండి. రిఫ్లెక్షన్ రాయడం చాట్‌జీపీటీకి ఇచ్చేస్తే?

లీడ్స్_లంకేశ్వరి
పేషెంట్ వివరాలు అందులో అతికిస్తే నేరుగా గోప్యత ఉల్లంఘన. అది కాక, ప్యానెల్ చదివేది వరసగా. ఒకే వాక్యాల కూర్పు పది పోర్ట్‌ఫోలియోల్లో కనపడితే వాళ్లకి తెలియదనుకుంటున్నారా? ప్రోబిటీ (నిజాయితీ) సమస్య అయిపోతుంది. స్పెల్లింగ్ దిద్దించుకోవడం వరకు ఎవరూ ఏమనరు.

మందులచీటీ
పైగా సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చుని "ఈ తప్పు ఎందుకు జరిగిందనుకుంటున్నావ్?" అంటే నోరు తెరవాల్సింది మీరే.

చిన్నడాక్టరు
సరే, ప్రిస్క్రైబింగ్‌తో మొదలుపెడుతున్నా. సెర్చ్ నడిపా. 60లో 11 చీటీలు ఒకే పేషెంట్‌వి, డిశ్చార్జ్ అయ్యాక మందులన్నీ నేనే మళ్లీ రాశా. అన్నీ లెక్కలోకి తీసుకోవాలా, ఒక్కటిగా చూడాలా?

మందులచీటీ
వరస తెంచకండి, అన్నీ ఉంచండి. షీట్‌లో "ఒకే పేషెంట్, డిశ్చార్జ్ తర్వాత" అని గుర్తు పెట్టి, సూపర్‌వైజర్ ఎంచుకునే 20లో ఆ గుంపు నుంచి రెండో మూడో చాలని ముందే మాట్లాడుకోండి. ఆ 11ని డిశ్చార్జ్ లెటర్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ఆసుపత్రి ఆపమన్న మందు మళ్లీ రిపీట్‌లోకి వచ్చిందేమో.

చిన్నడాక్టరు
...వచ్చింది. ఫ్యూరోసెమైడ్. ఫోన్ చేస్తున్నా.